బరువు తగ్గే ఆపరేషన్ అయినవారికి ఇంట్లో ఆహారం: కుటుంబ సభ్యులు తెలుసుకోవలసినవి

డిశ్చార్జి రోజున తల్లులు, భార్యలు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "ఇంత కొంచెం తింటే మనిషి ఎలా నిలుస్తాడు సిస్టర్?" మన ఇళ్లలో ప్రేమ చూపడమంటే ఇంకో గరిటె అన్నం వడ్డించడమే కాబట్టి ఈ బెంగ సహజమే. కాని ఈ ఆపరేషన్ అయినవారు కొంచెమే తినాలి. ఆ కొంచెంలో ఏమి ఉన్నది, తిన్నది లోపల నిలుస్తున్నదా, మాత్రలు రోజూ వేసుకుంటున్నారా అనే మూడు సంగతులు ఇంట్లోవారు చూడాలి.

లోపల ఏమి మారింది?

మన ప్రాంతంలో ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతులు తీసివేసి, మిగిలిన భాగాన్ని అరటికాయంత సన్నని గొట్టంలా ఉంచుతారు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మి.లీ. పట్టే చిన్న సంచి చేసి, దానిని చిన్న ప్రేగుకు కొంత దిగువన కలుపుతారు. ఇనుము, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది చిన్న ప్రేగు మొదటి భాగంలోనే. బైపాస్‌లో ఆహారం ఆ భాగాన్ని దాటుకొని పోతుంది. మీవారికి ఏ ఆపరేషన్ జరిగిందో డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది. ఇంట్లో కనీసం ఇద్దరు దానిని తెలుసుకొని ఉండండి.

ఆకలి పుట్టించే హార్మోను కూడా తగ్గుతుంది. కనుక "నాకు ఆకలి లేదు" అని వారు అంటే అది అలక కాదు, మొహమాటమూ కాదు.

పళ్లెంలో ముందు ఏది?

సాధారణంగా మొదటి రెండు వారాలు ద్రవాలు, తరువాత రెండు వారాలు మెత్తగా మెదిపినవి, ఆ తరువాత బాగా ఉడికిన మెత్తని ఆహారం, సుమారు రెండు నెలలకు ఇంట్లో అందరూ తినేది. మీ డాక్టరుగారు ఇచ్చిన చీటీలో వేరే తేదీలు ఉంటే వాటినే పాటించండి. ద్రవాలంటే కొబ్బరినీళ్లు, పండ్లరసాలు మాత్రమే అనుకొనేవారు చాలామంది. వెన్న తీసిన పాలు, పలుచని మజ్జిగ, వడగట్టిన పెసరకట్టు, డాక్టరు రాసిన ప్రొటీన్ పౌడరు కలిపిన పాలు ఎక్కువ మేలు చేస్తాయి.

రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందాలి. గుడ్డులో సుమారు 6 గ్రాములు ఉంటాయి. 200 మి.లీ. పాలలో కూడా దాదాపు అంతే. వండిన కోడిమాంసం 100 గ్రాములలో 25 గ్రాముల వరకు ఉంటాయి. అదే 100 గ్రాముల అన్నంలో రెండు మూడు గ్రాములకు మించవు. నాలుగు ముద్దలే పట్టే కడుపులో ముందే అన్నం పడితే, గుడ్డుకు చోటు ఎక్కడిది? అందుకని ముందు పప్పు, గుడ్డు, చేప, పెరుగు, తరువాత కూర, చివర చోటు మిగిలితే రెండు ముద్దల అన్నం. మాంసాహారం ముట్టనివారికి గట్టి పప్పు, పనీరు, మీల్ మేకర్, పుట్నాల పొడి పనికి వస్తాయి. నీరసంగా ఉన్నారని మూడు పూటలా చారన్నమే పెట్టే అలవాటు మనకు ఉంది. నాలుకకు హాయిగా ఉంటుంది గాని దానిలో కండకు పనికివచ్చేది దాదాపు లేదు. ఇలాంటి తిండి నెలల తరబడి సాగితే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది.

చిన్న ముద్దలు బాగా నమిలి, ఇరవై ముప్పై నిమిషాలు కూర్చొని తినాలి. అన్నంతో పాటు నీళ్లు తాగకూడదు. తిన్న అరగంట తరువాత గుక్క గుక్కగా మొదలుపెట్టాలి. రోజు మొత్తం మీద ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు లోపలికి వెళ్లాలి. సీసా పక్కనే పెట్టి, సాయంత్రానికి ఎంత ఖాళీ అయిందో చూడండి.

తీపి తిన్న కాసేపటికి గుండె దడ, చెమటలు, కడుపు నొప్పి, విరేచనం రావచ్చు. బైపాస్ అయినవారిలో ఇది ఎక్కువ. పండుగనాడు "ఒక్క లడ్డూకి ఏమవుతుంది" అని బలవంతపెట్టవద్దు.

వాంతులను తేలికగా తీసుకోవద్దు

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి. గబగబా తింటే ఎప్పుడో ఒకసారి వాంతి కావచ్చు. కాని రోజూ వాంతులు అవుతుంటే, "ఆపరేషన్ అయినవాళ్లకు ఇవి మామూలే" అని ఎవరు చెప్పినా వినవద్దు.

కారణం విటమిన్ బి1. దీనినే థయామిన్ అంటారు. ఇది శరీరంలో రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే నిలువ ఉంటుంది. తిండి తగ్గి, తిన్నది కూడా బయటకు పోతుంటే నిలువ త్వరగా అయిపోతుంది. పూర్వం బాగా మరపట్టిన తెల్లబియ్యమే ఆధారంగా బతికినవారికి బెరిబెరి జబ్బు వచ్చింది ఈ విటమిన్ లోపం వల్లనే. అది లోపిస్తే కాళ్లలో మంటలు, తిమ్మిర్లు వస్తాయి. ఆ తరువాత నడక తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడడం, మతిమరుపు వస్తాయి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఆపరేషన్ అయిన ఆరో వారంలో ఒకామెను మా వార్డుకు తీసుకువచ్చారు. అప్పటికి పది రోజులుగా వాంతులు. ఊళ్లో రెండుసార్లు గ్లూకోజ్ ఎక్కించారు. గోడ పట్టుకొని నడుస్తున్నది, పిలిస్తే తన బిడ్డ పేరు చెప్పలేకపోయింది. నీరసమనుకున్నామని భర్త అన్నాడు. బి1 ఇంజెక్షన్లు మొదలుపెట్టాక కొద్ది రోజులలో చూపు, మాట సర్దుకున్నాయి; కాళ్ల బలం రావడానికి నెలలు పట్టింది. బి1 లోపించినవారికి ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త కూడా ఖర్చయిపోతుంది. అందుచేత ఏ ఊళ్లో, ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా, సూది గుచ్చకముందే ఇలా చెప్పండి: "వీరికి బరువు తగ్గే ఆపరేషన్ అయింది, వాంతులు అవుతున్నాయి, బి1 ఇవ్వాలేమో చూడండి." ఆ మాట చెప్పడానికి చదువు అక్కరలేదు.

ఒక రోజంతా నీళ్లు కూడా నిలవకపోతే ఆ రోజే, వాంతులు రెండు మూడు రోజులు సాగితే తప్పనిసరిగా ఆసుపత్రికి తీసుకురండి. మొదటి వారాల్లో జ్వరం, గుండె వేగం, ఆయాసం, కడుపులో గట్టి నొప్పి ఉంటే రాత్రయినా ఆగవద్దు. బైపాస్ అయిన ఎన్ని ఏళ్లకైనా హఠాత్తుగా కడుపు మెలిపెట్టినట్లు నొప్పి వస్తే అది గ్యాస్ అని సోడా తాగించవద్దు.

మాత్రలు ఎన్నాళ్లు?

జీవితాంతం. మల్టీవిటమిన్, బి12, కాల్షియం, విటమిన్ డి, ఇనుము, ఎవరికి ఎంత అన్నది డాక్టరు రాస్తారు. బి12 కాలేయంలో ఏళ్ల తరబడి నిలువ ఉంటుంది గనుక మాత్రలు మానిన వెంటనే ఏమీ తెలియదు. "మానేసి ఏడాదైంది, బాగానే ఉన్నాను" అనేవారు ఇక్కడే మోసపోతారు. ఇనుము, కాల్షియం మాత్రల మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. ఇనుము మాత్ర టీతో వేసుకోవద్దు. నొప్పుల కోసం మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి అడిగి తేవద్దు, కుట్టు వేసిన చోట పుండు పడవచ్చు. బీడీ, సిగరెట్టు కూడా అదే పని చేస్తాయి. మద్యం ఈ కడుపులో త్వరగా తలకెక్కుతుంది, వ్యసనంగా మారే ప్రమాదమూ ఎక్కువే.

షుగరు, బి.పి. ఉన్నవారి మందులు ఆపరేషన్ అయిన కొద్ది రోజులలోనే తగ్గించవలసి రావచ్చు. పాత చీటీ చూసి పాత మోతాదు ఇన్సులిన్ ఇవ్వకండి. ఉపవాసం ఉండదలచినవారు, ఏ మతస్థులైనా, ముందుగా డాక్టరును అడగాలి. మొదటి ఏడాది వద్దనే మేము చెబుతాము.

ఒంటిలో కనిపించే మార్పులు

మూడో నెల నుంచి జుట్టు రాలడం మొదలవుతుంది. దువ్వెనలో గుప్పెడు జుట్టు చూసి ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. ఆపరేషన్ ఒత్తిడి, వేగంగా తగ్గిన బరువు దీనికి కారణం. మాంసకృత్తులు, ఇనుము సరిగా అందుతుంటే కొద్ది నెలలలో తగ్గి మళ్లీ మొలుస్తుంది. ఏడాదికీ తగ్గకపోతే రక్తపరీక్ష చేయించాలి. వేగంగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు కూడా ఏర్పడవచ్చు. అవి రాకుండా కొందరికి ఆరు నెలల పాటు మాత్ర ఇస్తారు.

చేతులు, పొట్ట, తొడల దగ్గర చర్మం వేలాడుతుంది. ఏ నూనె రాసినా అది బిగియదు. మడతల్లో చెమట నిలవకుండా కడిగి పొడిగా తుడవాలి. ముఖం పీక్కుపోయిందని, ఏదో జబ్బు చేసిందని చుట్టాలు ఎదుటే అంటుంటారు. ఆ మాటలు వినలేక మళ్లీ ఎక్కువ తినడం మొదలుపెట్టినవారిని చూశాము. చుట్టాలకు సమాధానం చెప్పే పని మీరు తీసుకోండి.

పిల్లలు కలగక బాధపడిన స్త్రీలకు బరువు తగ్గగానే గర్భం నిలవవచ్చు. కాని 12 నుంచి 18 నెలల వరకు ఆగాలి. ఈ లోపల బిడ్డకు కావలసిన పోషకాలు తల్లి దగ్గరే ఉండవు. బైపాస్ తరువాత గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చు గనుక వేరే పద్ధతి గురించి లేడీ డాక్టరును అడగండి.

ఏడాది, ఏడాదిన్నర తరువాత బరువు తగ్గడం ఆగుతుంది. కొందరికి కొద్దిగా పెరుగుతుంది కూడా. మొదటి ఏడాది రక్తపరీక్షలు మూడు నెలలకు, ఆరు నెలలకు, పన్నెండు నెలలకు, ఆపైన ఏటేటా చేయించాలి. వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం, వేసుకుంటున్న మాత్రల అట్టలు, ముందు మూడు రోజులు తిన్నది రాసిన కాగితం తీసుకురండి. రోగితో పాటు ఇంట్లో వంట చేసేవారు కూడా వస్తే మంచిది.