రెండు తీగల తగవు

ఎలక్ట్రానిక్స్ విద్యార్థి చెప్పే ‘బస్’ వేరు, ఆర్టీసీ బస్సు వేరు. అయినా నేను ఆర్టీసీ బస్సుతోనే మొదలుపెడతాను. పాత బస్సుల్లో పైకప్పు కింద పొడవునా ఒక తాడు ఉండేది. కండక్టరు ఎక్కడున్నా దాన్ని లాగితే డ్రైవరు దగ్గర గంట మోగేది. ఆ తాడును లాగవచ్చు గాని నెట్టడం ఎవరి తరమూ కాదు. వదిలేస్తే దానంతట అదే యథాస్థానానికి వస్తుంది. ఒకడు లాగిపట్టుకుని కూర్చున్నాడా, మిగతా వాళ్ళెవరికీ గంట లేదు.

1982లో ఫిలిప్స్ సంస్థ రూపొందించిన ఐ-స్క్వేర్-సీ బస్ నడిచేది కూడా ఈ సూత్రం మీదనే. డేటాకు ఒక తీగ, క్లాక్‌కు ఒక తీగ. రెండింటినీ పుల్-అప్ రెసిస్టర్లు పైకి లాగి ఉంచుతాయి. ఏ చిప్ అయినా తీగను సున్నాకు దించగలదు, పైకి ఎత్తలేదు. ఈ ఒక్క మాట గుర్తుంటే డ్రైవర్‌లో వచ్చే బగ్‌లలో చాలా వాటి ఆచూకీ దొరుకుతుంది.

మా లాబులో ఫైనలియర్ విద్యార్థులు చేసిన ఒక ప్రాజెక్టు చెప్తాను. టీకా మందులుంచే ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న యంత్రం అది. టీకాలు సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక రాత్రి రికార్డు ఖాళీగా ఉంటే ఆ రాత్రి మందు చల్లగా ఉందో లేదో తెల్లారి ఎవరూ చెప్పలేరు. పిల్లలకు వేసే మందు కదా, “ఉండే ఉంటుందిలే” అంటే కుదరదు. ఎల్ఎం75 సెన్సర్, ఒక ఈప్రోమ్, ఒక మైక్రోకంట్రోలర్ — అంతే సరంజామా. లాబు టేబుల్ మీద వారం రోజులు చక్కగా నడిచింది. ఫ్రిజ్‌లో పెట్టాక రెండు రోజులకోసారి బిగుసుకుపోసాగింది.

“సార్, డ్రైవర్‌లో బగ్ ఉంది” అంటూ వచ్చారు.

“రీసెట్ నొక్కితే?”

“లాభం లేదు సార్. పవర్ తీసి పెడితేనే పనిచేస్తోంది.”

రోగమేమిటో ఈ జవాబులోనే ఉంది. రీసెట్ మీట ప్రాసెసర్‌ను మాత్రమే మొదటికి తెస్తుంది, సెన్సర్‌కు ఆ సంగతే తెలియదు. పవర్ తీస్తే రెండూ మొదటికొస్తాయి. అంటే ఇరుక్కున్నది సెన్సర్ అన్నమాట.

కాని ముందు తీగలను చూడమన్నాను. ఆసిలోస్కోపు పెట్టి చూస్తే క్లాక్ అంచులు నిటారుగా లేవు, సొరచేప రెక్కల్లా వంగి ఉన్నాయి. బోర్డు మీద ఉన్నవి 10 కిలో ఓముల పుల్-అప్‌లు. ఫ్రిజ్ లోపలికి వెళ్ళడానికి 2 మీటర్ల కేబుల్ కలిపారు. మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌లు అనుకుంటే మొత్తం 200. రెసిస్టెన్స్‌ను కెపాసిటెన్స్‌తో గుణించి, దాన్ని మళ్ళీ 0.85తో గుణిస్తే తీగ పైకి లేవడానికి పట్టే కాలం వస్తుంది. ఇక్కడ అది 1.7 మైక్రోసెకండ్లు. 100 కిలోహెర్ట్‌జ్ వేగానికి అనుమతించినది 1 మైక్రోసెకండే. 4.7 కిలో ఓములు పెడితే 0.8కి దిగింది. మరి ఇన్నాళ్ళూ ఇది ఎందుకు బయటపడలేదు? తప్పు వస్తే మూడుసార్లు మళ్ళీ ప్రయత్నించమని డ్రైవర్‌లో రాసి ఉంది. కారణం తెలియకుండా పెట్టే ఇలాంటి ‘రీట్రై’ చెమ్మగోడకు సున్నం వేయడం లాంటిదని నా అభిప్రాయం.

ఇక అసలు రోగానికి వద్దాం. ఫ్రిజ్ కంప్రెసర్ మొదలైనప్పుడల్లా సప్లై ఒక్క క్షణం కుంగుతోంది. 4.3 వోల్టుల కిందికి వస్తే ప్రాసెసర్ రీసెట్ అయ్యేట్టు అమర్చారు. సెన్సర్‌కు 3 వోల్టులు చాలు కనుక అది నిక్షేపంగా ఉంది. సరిగ్గా ఆ సమయంలో అది ఒక సున్నా బిట్‌ను పంపుతూ ఉంటే డేటా తీగను కిందికి పట్టుకుని తరువాతి క్లాక్ కోసం ఎదురుచూస్తుంది. రీసెట్ నుంచి లేచిన ప్రాసెసర్ “బస్ ఖాళీ అయ్యాక మొదలుపెడదాం” అని తనూ ఎదురుచూస్తుంది. మీరు ముందంటే మీరు ముందని ఇద్దరూ గుమ్మంలోనే నిలబడిపోయారు! డ్రైవర్‌లోని ఆ ఎదురుచూపుకు కాలపరిమితి లేదు.

టేబుల్ మీద కనబడని బగ్ ఫ్రిజ్‌లో కనబడడానికి కంప్రెసర్‌తో పాటు ఇంకో కారణం కూడా ఉంది. ఇది నాకు మహా ముచ్చటేసింది. ఎల్ఎం75 మొదటి బైటులో పూర్తి డిగ్రీలు వస్తాయి. గదిలో 30 డిగ్రీలంటే 00011110, అంటే నాలుగు సున్నాలు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీలంటే 00000100, ఏడు సున్నాలు. చల్లబడిన కొద్దీ సెన్సర్ తీగను పట్టుకుని ఉండే కాలం పెరిగిందన్నమాట.

మందు సులభమే. మొదలయ్యేటప్పుడు డేటా తీగ కిందనే ఉంటే డ్రైవర్ ఆ పిన్నులను మామూలు పిన్నులుగా మార్చి, డేటాను వదిలేసి, క్లాక్ తీగ మీద 9 పల్సులు ఇవ్వాలి. తొమ్మిదే ఎందుకు? బైటుకు 8 బిట్లు, తొమ్మిదవది ‘అందింది’ అని ఒప్పుకోలు చెప్పే స్థానం. అక్కడ తీగను ఎవరూ కిందికి లాగరు గనుక, ఇక చదివేవాడు లేడని సెన్సర్ తీగను వదిలేస్తుంది. తర్వాత ఒక స్టాప్ ఇస్తే సరి. లినక్స్ కెర్నెల్‌లోనూ ‘బస్ రికవరీ’ పేరుతో ఇదే ఏర్పాటు ఉంది. ఎల్ఎం75 జాతి చిప్‌లలో కొన్నింటికి కొంతసేపటికి తీగను వాటంతటవే వదిలే గుణం ఉంటుంది. వీళ్ళు కొన్నదానికి లేదు. కొనేముందు డేటాషీట్‌లో ఆ ఒక్క వాక్యం వెతకండి.

డేటాషీట్ అంటే గుర్తొచ్చింది. ఎల్ఎం75 చిరునామా హెక్సాలో 48. చదవాలా రాయాలా అని చెప్పే బిట్‌ను కూడా కలిపి కొందరు 90 అని రాస్తారు. లైబ్రరీ 7 బిట్లు అడిగితే 90 ఇచ్చి, చిప్ చచ్చిపోయిందని కొత్తది కొనేవాళ్ళు ఏటా కనీసం ఇద్దరు తగులుతారు. అలాగే ఈప్రోమ్ రాసుకునే కొన్ని మిల్లీసెకండ్లపాటు పిలిచినా పలకదు. అది తప్పు కాదు, పనిలో ఉందని అర్థం. పలికేదాకా పిలుస్తూ ఉండవచ్చు, కాని దానికీ గడువు పెట్టాలి.

బాగుచేశామని చెప్పగానే నేను ఒప్పుకోలేదు. సెన్సర్ చదువుతుండగా కావాలనే ప్రాసెసర్‌ను 1000 సార్లు రీసెట్ చేసే చిన్న సర్క్యూట్ కట్టించాను. పాత ప్రోగ్రాముతో కాఫీ తాగి వచ్చేలోగా ఆగిపోయింది. కొత్తదానితో వెయ్యీ పూర్తయ్యాయి. 9 పల్సులు అవసరమైన ప్రతిసారీ ఆ సంగతి కూడా రికార్డులో నమోదయ్యేట్టు చేశారు. ఆ బోర్డు, దాన్ని వేధించే సర్క్యూట్ లాబు అలమరలోనే ఉన్నాయి. జూనియర్లు అడిగితే తాళం ఇస్తాను.