రాగియుంగరము: ఆభరణవిద్యలో తొలిపాఠము



నగలు చేయ నేర్చుకొనగోరువాడు మొదటనే బంగారమును ముట్టరాదు. వానికి రాగితీగయే తగిన గురువు. వెల స్వల్పము, చెడినను మరల చేయవచ్చును. కరీంనగరపు వెండితీగ పనికి 2007వ సంవత్సరమున భౌగోళిక సూచిక లభించినది. అంతటి సున్నితమైన పనియు తీగను వంచుట, అతుకుట అను రెండు క్రియలమీదనే నిలిచియున్నది. ఆ రెంటిని ఒక్క ఉంగరముతో నేర్వవచ్చును.

కొలత: ఉంగరపు లోపలి వ్యాసమునకు తీగ మందమును కలిపి, 22/7 చేత గుణింపవలెను. వ్యాసము 18 మి.మీ., మందము 2 మి.మీ. అయినచో తీగ పొడవు సుమారు 63 మి.మీ. మందమును కలుపుట మరచినచో ఉంగరము బిగుతగును.

వంచుట: తీగను మందమైన ఎరుపు వచ్చువరకు కాల్చి నీట ముంచుడు. ఉక్కు ఇట్లు చేసిన గట్టిపడును, రాగి మెత్తనగును. పిమ్మట దానిని గుండ్రని కడ్డీకి చుట్టి, కొనలను ఆకురాతితో సమముగా రాచి, ఒకదానికొకటి ఆనునట్లు చేయుడు.

అతుకుట: రాగి 1085 డిగ్రీల వేడికి కరగును, వెండిమాటు సుమారు 700 డిగ్రీలకే కరగును. ఈ భేదమే ఈ పనికి ఆధారము. అతుకునకు వెలిగారము పూసి, చిన్న మాటుముక్క నుంచి, ఉంగరమునంతటిని సమముగా కాల్చుడు. వత్తిలోనికి నూనె ప్రాకునట్లు మాటు అతుకులోనికి ప్రాకును. సందు వెడల్పైనచో ప్రాకదు. కాడ్మియము కలిసిన మాటు పొగ ఊపిరితిత్తులకు హానికరము గనుక, అది లేనిదానినే అడిగి కొనుడు. పెద్దలు దగ్గరనుండగా, గాలివచ్చు చోటనే ఈ పని చేయుడు.

తరువాత ఉంగరమును చింతపండు రసములో నానబెట్టిన నలుపు విడును. దానిని కడ్డీకి తొడిగి కొయ్యసుత్తితో తట్టిన గుండ్రమగును, గట్టియు పడును.

ఇచ్చట మా తప్పు నొకదానిని చెప్పవలసియున్నది. శిక్షణ కళాశాలలో చదువుకొను దినములలో మేము చేసిన మొదటి యుంగరపు కొనలు సరిగా ఆనలేదు. మరల రాచుటకు ఓపికలేక, సందును మాటుతో పూడ్చి, మెరుగుపెట్టితిమి. పరీక్షించినవారికిని తెలియలేదు, మంచి మార్కులు వచ్చినవి. దానిని మా చెల్లెలికిచ్చితిమి. వారము తిరుగకమునుపే, ఆమె నీళ్లు తోడుచుండగా, అతుకు విడి వ్రేలు కోసినది. ఆమె మమ్మేమియు అనలేదు. అందుచేతనే దానిని నేటికిని మరువలేకున్నాము.

బెసలేలు బంగారు వెండి పనులు చేయుటకై దేవుని ఆత్మతో నింపబడెనని నిర్గమకాండము 31వ అధ్యాయము తెలుపుచున్నది. చేతిపని యంతటి గౌరవము గలది. కావున మాటు పెట్టకముందే అతుకును దీపమున కెదురుగా పట్టి చూడుడు. వెలుతురు కనబడినచో మరల రాయుడు.

అభ్యాసము: మూడు ఉంగరములు చేయుడు. మొదటి రెంటిని అతుకువద్ద లాగి పరీక్షింపుడు. అవి నిలిచిన పిమ్మటనే మూడవదానిని మీ వారి కిచ్చుడు.