ఇంటి పాటలు, పటములు ఎచ్చట దాచవలెను?

గత సంవత్సరము మేము పాఠశాలలోని పాత క్రిస్మసు పాటల క్యాసెట్లను కంప్యూటరులోని కెక్కించితిమి. చాలకాలము గాయక బృందమును నడిపి, ఇప్పుడు కీర్తిశేషురాలైన ఒక ఉపాధ్యాయిని కంఠము వానిలో గలదు. ఎక్కించినదంతయు ఒక చిన్న హార్డు డిస్కులో నుంచి, పని ముగిసినదని సంతోషించితిమి. ఒకనాడు ఆ డిస్కు బల్లమీదనుండి జారి నేలపై బడెను. మరల తగిలించినప్పుడు టిక్కు టిక్కుమను చప్పుడు తప్ప మఱేమియు రాలేదు. క్యాసెట్లను పారవేయలేదు గనుక చాల పాటలు మరల దొరికినవి. మొదటి తడవ నడుపునప్పుడే తునిగిపోయిన రెండు టేపులలోనివి మాత్రము పోయినవి. ఆ రెండింటిలో ఒకటి ఆమె ఒంటరిగా పాడినది.

ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు కొందఱు, "అయ్యా, అట్లయిన మా పిల్లల పటములు, పెండ్లి వీడియోలు క్లౌడులో నుంచుట మేలా, ఇంటిలోనే డ్రైవు పెట్టుకొనుట మేలా?" అని అడుగుచున్నారు. తరగతిలో పెద్ద పిల్లలును అదే అడిగిరి. కావున మేము నేర్చినంత మట్టుకు ఇచ్చట వ్రాయుచున్నాము.

ఇంటి మీడియా సర్వరనగా భయపడవలసిన యంత్రము కాదు. ఒక పాత కంప్యూటరుగాని, అరచేతిలో పట్టు రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డుగాని చాలును. దానికొక డ్రైవు తగిలించి, జెల్లీఫిన్ వంటి ఉచిత సాఫ్టువేరు నెక్కించినచో, ఆ యింటి టీవీలోను, ఫోనులలోను పాటలు, బొమ్మలు కనబడును. 2018 డిసెంబరులో ఎంబీ అను సాఫ్టువేరు తన మూలమును మూసివేయగా, దాని పాత ప్రతినుండి కొందఱు స్వచ్ఛందముగా జెల్లీఫిన్‌ను వేఱుచేసి నడుపసాగిరి. చిన్న బోర్డును డ్రైవును కలిసి పది వాట్లు తీసికొనుననుకొన్నచో, రేయింబవళ్లు నడిచినను నెలకు 7.2 యూనిట్ల కరెంటు మాత్రమే యగును. లెక్క విద్యార్థులే సరిచూచుకొందురు గాక.

క్లౌడు అనగా మేఘము. పేరు చూచి మన పటములు ఆకాశమందున్నవని తలచెడివారును గలరు. నిజమునకది మఱియొకరి భవనములోని మఱియొకరి డిస్కు. అచ్చటను తీగెలున్నవి, బ్యాటరీలున్నవి, అగ్నియు నున్నది. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బర్గు పట్టణములో ఓవీహెచ్ సంస్థవారి డేటా కేంద్రమొకటి పూర్తిగా కాలిపోయెను. 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియాలోని డేజాన్ పట్టణమందు ప్రభుత్వ కేంద్రములో నిప్పంటుకొని, ఉద్యోగులు తమ పత్రములను దాచుకొను క్లౌడు నిలువ 858 టెరాబైట్లు నశించెను. అది మిక్కిలి పెద్దదగుటచే వేఱొకచోట ప్రతి యుంచలేదట! పెద్దది గనుకనే ప్రతి యుండవలెనని మాకు తోచుచున్నది.

ఇంటిలో నుంచినంత మాత్రమున అగ్ని మానునా? 2024 జూలై 21వ తేదీ రాత్రి మన మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయములో మంటలు లేచి భూములకు సంబంధించిన ఫైళ్లనేకము కాలిపోయినది ఈ ఊరివారెవరును మఱవలేదు. కాగితమైనను, కొరియాలోని డిస్కైనను, ఒక్కచోటనే యుండుటయే రెండు చోట్లను కీడు చేసినది.

ఇక డ్రైవు సంగతి. హార్డు డిస్కులోని పళ్లెము నిమిషమునకు 5,400 గాని 7,200 గాని చుట్లు తిరుగును. దానిపై తేలెడి చదువు తలకును పళ్లెమునకును నడుమ ఎడము కొన్ని నానోమీటర్లే. తలవెండ్రుక మందము దానికి వేలరెట్లు. అట్టి యంత్రము నేలబడినచో ఏమగునో మేము చూచియే యున్నాము. పడకుండ చూచుకొన్నను ఆయువు తీరునది. అమెరికాలో లక్షలాది డిస్కులను నడుపు బ్యాక్‌బ్లేజ్ సంస్థవారు 2024లో తమ డిస్కులలో నూటికి 1.57 వంతు చెడినట్లు ప్రకటించిరి. అనగా అఱువదినాలుగింటిలో ఒకటి. అవి చల్లని గదులలో, నిలుకడయైన విద్యుత్తుపై నడుచునవి. మన ఇండ్లలో వేసవి యెండ, కరెంటు కోత, చీమలు, ధూళి అదనము. కరెంటు హఠాత్తుగా పోవునప్పుడు వ్రాయుచున్న ఫైలు చెడవచ్చును గనుక చిన్న యూపీఎస్ పెట్టుట మంచిది.

కొందఱు రెండు డిస్కులను అద్దమువలె జోడించి, "మాకు రెండు ప్రతులున్నవి" అని ధైర్యముగా నుందురు. ఇది పొరపాటు. ఒక డిస్కు చెడినచో రెండవది నడుచును, నిజమే. కాని పిల్లవాడొకడు పొరపాటున పెండ్లి వీడియోను తుడిచివేసినచో అదే క్షణమున రెండింటిలోను తుడిచిపోవును. దొంగ యెత్తుకొనిపోయినను రెండును ఒక్క పెట్టెలోనే పోవును.

క్లౌడులో ఈ చిక్కులు లేవు గాని, వేఱు చిక్కులున్నవి. మొదటిది కాలము. ఒక టెరాబైటు అనగా ఎనుబది లక్షల మెగాబిట్లు. ఇంటి ఇంటర్నెట్టు సెకనుకు 10 మెగాబిట్లు పైకి పంపగలిగినచో ఎనిమిది లక్షల సెకనులు, అనగా ఎడతెగక తొమ్మిది దినములకు పైగా పట్టును. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్ నెట్ ప్రారంభమైన పిమ్మట పల్లెలకును తీగె చేరినది గాని, క్రిందికి దింపు వేగమును చూచి మురిసిపోవువారు పైకి పంపు వేగమును చూచుకొనరు. దాచుటకు కావలసినది పైకి పంపు వేగమే.

రెండవది ధనము. గూగుల్ ఫోటోస్‌లో పరిమితి లేక ఉచితముగా పటములు దాచుకొను సదుపాయము 2021 జూన్ 1వ తేదీతో ముగిసినది. అప్పటినుండి 15 గిగాబైట్లు దాటినచో అద్దె కట్టవలెను. అద్దె యిల్లు మానినవాడు సామాను తీసికొనిపోవలెను గదా! అంతేకాక, రెండేండ్లు తెఱువని ఖాతాలను తొలగించు నియమము 2023 డిసెంబరునుండి అమలులోనికి వచ్చినది. ఇంటి పెద్ద ఒక్కరికే సంకేతపదము తెలిసియుండి, ఆయన గతించినచో ఆ కుటుంబపు పటముల గతియేమి? దానిని ఒక కాగితముపై వ్రాసి బీరువాలో నుంచుట నామోషీ కాదు.

అయినను క్లౌడునకొక గొప్ప సుగుణము గలదు. మన ప్రాంతమునుండి కువైటునకు పోయి పనిచేయు తండ్రులు తల్లులు ఎందఱో గలరు. ఇచ్చట బిడ్డ పాడిన పాటను అదే సాయంకాలము వారు అచ్చట వినవలెనన్న, ఇంటి సర్వరును బయటికి తెఱచుటకంటె క్లౌడే సులువు, క్షేమము. తెలియక తెఱచిన సర్వరు వీథి తలుపు తీసిపెట్టి నిద్రపోయిన యింటివంటిది.

కుప్పములో 2002లో హ్యూలెట్ ప్యాకర్డు సంస్థవారు ఐ-కమ్యూనిటీ యను కార్యమును ప్రారంభించి, పల్లె స్త్రీలకు డిజిటల్ కెమెరాలను, చిన్న ప్రింటర్లను ఇచ్చి పటములు తీయ నేర్పిరి. కాగితముపై అచ్చైన పటమునకు సంకేతపదము లేదు, అద్దె లేదు. అత్యంత ప్రియమైన పది పటములనైనను అచ్చు వేయించి గోడకు తగిలించుకొనుడని మా సలహా.

ఏది రెండుచోట్ల దాచవలెనను ప్రశ్నకు పుంగనూరు ఆవు మాకు గుర్తునకు వచ్చుచున్నది. ఆ పొట్టిజాతి పశువులు తఱిగిపోవుచుండగా, పలమనేరులోని పశు పరిశోధన స్థానమువారు ఒక మందను పోషించుచు వచ్చిరి. కాని ఒక్క మందకు రోగము తగిలినచో? రైతుల దొడ్లలోను ఆ జాతి పెరుగుటయే దానికి రక్ష. అంగడిలో మరల దొరకు సినిమాకు ఇంత శ్రమ యక్కఱలేదు. అది ఇంటి డ్రైవులో ఒక్కటి చాలును, అదియు న్యాయముగా కొన్నదైనప్పుడే. అవ్వ చెప్పిన కథకు రెండవ ప్రతి అంగడిలో లేదు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలయందు విడిసి "జనగణమన"ను ఆంగ్లములోనికి మార్చినప్పుడు, మార్గరెట్ కజిన్స్ దాని వరుసను స్వరలిపిలో వ్రాసిరి. కంఠములలో మాత్రమే యుండిన వరుస కాగితముపైకి వచ్చినందున, వినని వారికిని అందినది.

ఛాయాగ్రాహకుడైన పీటర్ క్రోగ్ ప్రచారము చేసిన లెక్క యొకటి గలదు: మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములు, వానిలో ఒకటి వేఱొక ఊరిలో. మేమిప్పుడు దాని ప్రకారమే నడుచుచున్నాము. క్యాసెట్టు గంటసేపటి పాట, కుదింపక ఎక్కించినచో, దాదాపు 635 మెగాబైట్లగును. మాకు మిగిలిన పదునెనిమిది గంటల పాటలు పదునొకండున్నర గిగాబైట్లలోపుననే యిమిడినవి. కావున ఉచితపు 15 గిగాబైట్లలోనే క్లౌడు ప్రతి పట్టినది. ఒక ప్రతి పాఠశాల సర్వరులో నున్నది. మూడవది డిస్కుపై వ్రాసి, గుడ్డలో చుట్టి, పుంగనూరులోని ఒక ఉపాధ్యాయుని యింటి బీరువాలో నుంచితిమి. వేసవి సెలవుల పిమ్మట బడి తెఱచిన వారమున ఆ డిస్కును తెప్పించి, మూడు ప్రతులలోను ఒక్కొక్క పాటను మొదటినుండి కడవఱకు వినవలెనని పదవ తరగతి పిల్లలకు పని యప్పగించియున్నాము.