పాత పద్మినికి కొత్త పంపు

ప్రశ్న: మా ప్రీమియర్ పద్మినికి కార్బురేటర్ తీసేసి ఇంజెక్షన్ పెట్టించాం. ట్యాంకు పావువంతుకు దిగితే కృష్ణగిరి దారి మలుపుల్లో ఇంజిన్ ఆగిపోతోంది. పంపు చెడిందా?
– ఒక పాఠకుడు, హోసూరు

జవాబు: ముందు ట్యాంకును అనుమానించండి. కార్బురేటర్ గిన్నెలో కాస్త పెట్రోలు నిలవుంటుంది కాబట్టి క్షణంపాటు గాలి వచ్చినా బండి నడుస్తుంది. ఇంజెక్షన్‌కు ఆ నిలవ లేదు. సాధారణంగా 3 బార్ ఒత్తిడి ఎడతెగకుండా అందాలి. మలుపులో పెట్రోలు పక్కకు ఒరిగి పంపు గాలి పీల్చగానే ఆ ఒత్తిడి పడిపోతుంది.

ట్యాంకులో పంపు చుట్టూ చిన్న గిన్నె అమర్పించి, ఇంజిన్ నుంచి తిరిగొచ్చే పెట్రోలు అందులోనే పడేలా చేయించండి. తుప్పు కడిగించండి. గొట్టాలు ఇంజెక్షన్ ఒత్తిడికి తగినవే వేయించాలి.

ఖాళీ ట్యాంకులోని ఆవిరి పేలుతుంది, ఇంట్లో వెల్డింగ్ వద్దేవద్దు! పెట్రోలు వాసన వస్తే బండి స్టార్ట్ చేయకుండా, ఇంజెక్షన్ పని తెలిసిన మెకానిక్‌ను పిలిపించండి.