నానో నాళికల త్వచము - నిర్మాణము, పరీక్ష

ద్రావణములోని పదార్థములను వేరుచేయు పలుచని పొరను త్వచమందురు. ఉప్పునీటిని మంచినీటిగా మార్చు యంత్రములలోని పాలిమరు త్వచములు మనకు పరిచితములే. అవి ఉప్పును ఆపును. కాని వానిగుండ నీరు మెల్లగా పోవుటచే అధిక పీడనము, అందులకై విద్యుచ్ఛక్తి అవసరమగును. నీటికి తిన్నని దారులు గల త్వచమును నిర్మింపవచ్చునా అను ప్రశ్న ఇందుండి పుట్టినది.

1991లో జపాను శాస్త్రజ్ఞుడు సుమియో ఇజిమా కార్బన్ నానో నాళికలను వర్ణించెను. గ్రాఫైటు పొరను చాపవలె చుట్టినట్లుండు ఈ గొట్టముల వ్యాసము కొన్ని నానోమీటర్లు మాత్రమే. నానోమీటరనగా మీటరులో నూరు కోట్లవ వంతు. నాళిక లోపలి గోడ మిక్కిలి నునుపైనది.

2004లో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయమున బ్రూస్ హైండ్స్ బృందము ఈ నాళికలను పాలిమరుతో కలిపి త్వచమును నిర్మించెను. ఆ పద్ధతిలో నాలుగు దశలు గలవు.

1. పెంచుట: ఫెర్రోసీన్, జైలీన్ ఆవిరులను కొలిమిలోని క్వార్ట్జ్ పలకపైకి పంపుదురు. ఫెర్రోసీన్‌లోని ఇనుము ఉత్ప్రేరకమగును. నాళికలు వరిపైరువలె ఒత్తుగా, నిటారుగా పెరుగును.

2. నింపుట: టోలీన్‌లో కరిగించిన పాలిస్టైరీనును పోసి పలకను వేగముగా త్రిప్పుదురు. ద్రావణము నాళికల నడిమి సందులలోనికి ఇంకి, ఆరి గట్టిపడును.

3. ఊడదీయుట: హైడ్రోఫ్లోరిక్ ఆమ్లముతో పొరను పలకనుండి వేరుచేయుదురు.

4. తెరచుట: నీటియావిరి ప్లాస్మాతో పైనున్న అదనపు పాలిమరును తొలగించి, మూసియున్న కొనలను ఆక్సీకరణముచే తెరతురు. అప్పుడు సుమారు 7 నానోమీటర్ల వ్యాసము గల దారులు ఏర్పడును.

2005లో అదే బృందము, ఇట్టి త్వచమున ద్రవములు సాధారణ ప్రవాహ సూత్రము చెప్పినదానికన్న 10,000 నుండి 1,00,000 రెట్లు వేగముగా పోయినవని ప్రకటించెను. నునుపైన గోడపై నీరు అంటక జారుటయే కారణమని వారు భావించిరి.

ఇచట విద్యార్థి ఒక లెక్క వేయవలెను. పాయిజల్ సూత్రము ననుసరించి ప్రవాహము వ్యాసార్ధముయొక్క నాలుగవ ఘాతమునకు అనులోమానుపాతమున నుండును. కావున నాళికకన్న 10 రెట్లు వెడల్పైన ఒక్క రంధ్రము పాలిమరులో మిగిలినను, అది 10,000 నాళికల నీటిని పంపును! అట్టి రంధ్రములు పెక్కున్నచో కొలత మోసగించును. అందుచే నాళికలో పట్టని బంగారు కణములను పంపి, అవి ఆగునో లేదో పరీక్షింతురు. రెండవ దశ ఎంత ముఖ్యమో దీనిచే తెలియును.

2016లో నాళికలను ఒక్కొక్కటిగా పరీక్షించిన శాస్త్రజ్ఞులు జారుడు నిజమేయని, నాళిక సన్ననగుకొలది అది హెచ్చునని చూపిరి. అట్టి ఆకారమే గల బోరాన్ నైట్రైడ్ నాళికలలో జారుడు కానరాలేదు.

అయినను ఒక చిక్కు గలదు. నీటి అణువులు చుట్టుకొనిన సోడియం అయాను వ్యాసము సుమారు 0.7 నానోమీటరు. 7 నానోమీటర్ల దారిలో అది సులభముగా దూరును. కనుక నాళికలను ఇంకను సన్నగా చేయవలెను, లేదా వాని ముఖద్వారములందు ఉప్పును అడ్డగించు రసాయన సమూహములను అతుకవలెను. వేగముగా పోవు నీరంతయు మంచినీరు కాదు. వేగమును, శుద్ధిని ఒకే త్వచమున చేర్చుటయే ఈ రంగమున ప్రవేశింపదలచు విద్యార్థుల యెదుటనున్న పని.