తెరమీది కథ – ఇంటిలోని నడక

పఠింపవలసిన వాక్యభాగములు: 2 సమూయేలు 12:1–14, మత్తయి 26:69–75, పరమగీతము 1:5, 6, నిర్గమకాండము 23:1, మత్తయి 5:23, 24.



నాతాను ప్రవక్త దావీదు రాజునొద్దకు వచ్చినప్పుడు ధర్మశాస్త్రమును చదివి వినిపింపలేదు. నేరముల పట్టికను చేతికియ్యలేదు. ఒక కథ చెప్పెను. ఒక ఊరిలో ఒక కలిగినవాడు, ఒక లేనివాడు. కలిగినవానికి మందలు మందలుగా పశువులుండెను. లేనివానికి బిడ్డవలె పెంచుకొన్న గొఱ్ఱెపిల్ల ఒక్కటే. కలిగినవాని యింటికి చుట్టము రాగా, వాడు తన మందలోనిదానిని ముట్టక, బీదవాని గొఱ్ఱెపిల్లను తెచ్చి వండించెను. ఈ కథ విని రాజు మండిపడెను. అట్టివాడు బ్రతుకదగడని తీర్పు చెప్పెను. అప్పుడు ప్రవక్త ఆ తీర్పును రాజుమీదికే త్రిప్పెను.

ఇందు మనము గమనింపవలసిన సంగతులు రెండు. మొదటిది, కథకు గల బలము. ఆజ్ఞ ముందు వాకిట నిలిచి తలుపు తట్టును. ఇష్టము లేనియెడల మనము గడియ వేసికొందుము. కథ వచ్చినప్పుడైతే మనమే పీట వేసి కూర్చుండబెట్టుదుము. రాజు కావలివారు కత్తి పట్టినవానిని ఆపగలరు గాని కథను ఆపలేరు. రెండవది, కథ దానంతట అదే దావీదును మార్చలేదు. కథ విన్నంతసేపు అతడు ఇతరునిమీద కోపపడుచు తాను నీతిమంతుడనే అనుకొనెను. ఇది నీ సంగతియే అని చెప్పుటకు ఎదుట ఒక మనుష్యుడుండెను గనుకనే అతడు తన్ను తాను చూచుకొనెను.

మన తాతల కాలమున ఈ వరంగల్లు పల్లెలలో కథ చెప్పువారు ఒగ్గువారు, చిందువారు, శారదకాండ్రు. వారు ఏడాదికి ఒకటి రెండు మార్లు వచ్చెడివారు. ఊరంతయు ఒకచోట కూర్చుండి వినెను. మరునాడు నాటు వేయుచు, కలుపు తీయుచు ఆ కథనుగూర్చియే మాటలాడుకొనెను. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు సినిమాకు మాట వచ్చెను. 1977లో హైదరాబాదు దూరదర్శను కేంద్రము ఆరంభమాయెను. 1995లో ఈటీవీ, జెమినీ వంటి ఛానెళ్లు వచ్చి సీరియలును ప్రతి సాయంకాలము ఇంటిలోనికి తెచ్చెను. 2016లో జియో వచ్చి డేటా చవుక అయిన పిమ్మట కథ చెప్పువాడు ప్రతివాని జేబులో కాపురముండెను. ఇప్పుడు తండ్రి అరుగుమీద ఒక కథను, తల్లి వంటయింట ఒక కథను, కుమారుడు దుప్పటి క్రింద ఒక కథను చూచుచున్నారు. కథలు పెరిగెను, కథనుగూర్చి మాటలాడుకొనుట తరిగెను. ధాన్యము ఎక్కువైనకొలది చేట అక్కరయగును గదా! మనము చేటను అటుక మీద పడవేసితిమి.

సినిమా అనిన పాపమే అని చెప్పుటకు ఈ పాఠము వ్రాయబడలేదు. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రమును ఊరూర తెర కట్టి చూపగా, అక్షరము రాని ముదుసలులు ప్రభువు చరిత్రను కన్నులార చూచిరి. కాని అప్పటినుండి అనేకులు కన్నులు మూసికొని ప్రార్థించునప్పుడు కనబడు ముఖము నటుడైన విజయచందర్ ముఖమే! మేలైన కథయు మనకు తెలియకుండ మన తలంపులకు రూపు కట్టును. కావున తెర మనకు ఏయే త్రోవలను పాఠము చెప్పుచున్నదో చూతము.

1. నవ్వు త్రోవ

బహుకాలము తెలుగు సినిమాలలో కథానాయకుడు కోస్తా జిల్లాల చదువరుల భాష మాటలాడెను. తెలంగాణపు మాట తరచుగా రౌడీకో, హాస్యగానికో దక్కెను. 1980లో విడుదలైన ‘మా భూమి’ వంటివి అరుదు. ‘గిట్ల’, ‘గట్ల’, ‘ఏందిర’ అనగానే హాలంతయు నవ్వెను. ఆ హాలులో కూర్చుండి నవ్వినవారు వరంగల్లువారే. ఈ భాష తక్కువదని ఎవరును చట్టము చేయలేదు. నవ్వు ఆ పని చేసెను. బిడ్డ పట్నపు కాలేజీకి పోయి నోరు విప్పుటకు సిగ్గుపడెను. సెలవులకు వచ్చి తల్లి మాటను దిద్దెను.

ప్రధానయాజకుని యింటి ముంగిట పేతురును పట్టి యిచ్చినది అతని యాసయే. యెరూషలేమువారికి గలిలయ మాట నాటు మాట. అయినను పెంతెకొస్తు దినమున సువార్తను మొదట పలుకుటకు దేవుడు ఏర్పరచుకొన్నది ఆ గలిలయుల నాలుకలనే. కాలము కొంత మారెను. 2017లో ‘ఫిదా’ చిత్రమున కథానాయికయే తెలంగాణ మాట మాటలాడగా రెండు రాష్ట్రములవారు మెచ్చుకొనిరి. సినిమావారు దిద్దుకొనుచుండగా మన క్రిస్మసు నాటకములలో ఏమి జరుగుచున్నది? దేవదూతకు పుస్తకపు భాష, గొఱ్ఱెల కాపరికి మాత్రము నవ్వు పుట్టించు పల్లె యాస! శుభవార్త మొదట వినినవారు ఆ కాపరులే. వారిని చూచి నవ్వుమని మన పిల్లలకు నేర్పుచున్నది ఎవరు?

2. కోరిక త్రోవ

కథకును కథకును నడుమ వచ్చు ప్రకటన కూడ ఒక కథయే. అర నిమిషములో ముగియును. 1975లో మన దేశమున ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ అను పూత అమ్మకమునకు వచ్చెను. ఏండ్ల తరబడి దాని ప్రకటనలు ఒకే కథను చెప్పెను: నల్లని పిల్లకు ఉద్యోగము రాదు, సంబంధము కుదరదు, పూత పూసికొని తెల్లబడగానే అన్నియు కుదురును. విమర్శలు మిక్కుటము కాగా 2020లో ఆ కంపెనీ ‘ఫెయిర్’ అను మాట తీసివేసి ‘గ్లో అండ్ లవ్లీ’ అని పేరు మార్చెను. డబ్బామీద పేరు మారెను. పెండ్లిచూపులలో మన ప్రశ్న మారెనా?

సంఘములో సంబంధము మాటలాడునప్పుడు పిల్ల ప్రార్థనాపరురాలా, గుణవంతురాలా అని పెద్దలయెదుట అడుగుదుము, పిమ్మట ప్రక్కకు పిలిచి, “రంగు ఎట్లుంటది?” అని మెల్లగా అడుగుదుము. రంగు తక్కువైన కొలది కట్నము ఎక్కువ చెప్పువారును ఉన్నారు. 1961 నుండి కట్నము నిషేధించు చట్టమున్నను, తెరమీది కథ మన నాలుకమీద దానికంటె గట్టిగా నిలిచియున్నది. పరమగీతములోని కన్య ద్రాక్షతోటలలో కాయకష్టము చేసి ఎండకు కమలినది. తన నలుపును ఆమె దాచుకొనలేదు, తన చక్కదనమును కాదనుకొనలేదు. ఎనుమాముల మార్కెట్టుకు పోవు పత్తిని, మిరపను ఎండలో ఏరినది అట్టి చేతులే. ఆ చేతుల కష్టము తినుచు, ఆ రంగునకు వెల కట్టుట న్యాయమా?

3. భయము త్రోవ

2018 వేసవిలో పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాపులో సందేశములు, దృశ్యములు దేశమంతట పాకెను. వానిలో ఒకటి కరాచీ నగరమున బిడ్డల భద్రతనుగూర్చి హెచ్చరించుటకు తీసిన చిత్రము. బిడ్డను తిరిగి అప్పగించు చివరి భాగమును ఎవరో కత్తిరించి, మిగిలినదానిని నిజముగా జరిగిన దొంగతనమువలె పంపిరి. పలు రాష్ట్రములలో దారిన పోవు అమాయకులను జనులు కొట్టి చంపిరి. ఆ జూలైలో వాట్సాపు సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసెను.

అదే వేసవిలో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి మరియొక త్రోవ పట్టెను. ఊరికొక పోలీసును నియమించి, డప్పుతోను పాటతోను ఊరివారిని ఒకచోట చేర్చి, ఫోనులో వచ్చిన ప్రతి మాటను నమ్మవద్దని చెప్పించెను. మనలో ననేకుల పితరులు వాయించిన ఆ డప్పే ఊరిని కూర్చుండబెట్టి మాటలాడించెను. వట్టి పుకారును ఎత్తి తిరుగవద్దని నిర్గమకాండము చెప్పుచున్నది. పుట్టించినవాడే గాక మోసినవాడును అపరాధియే. “నేను వ్రాయలేదు, వచ్చినదే పంపితిని” అనుట దేవునియెదుట నిలువదు. వ్యాధి నయమగునని, పథకము డబ్బు వచ్చునని, ఫలాని కులమువారు కీడు తలపెట్టిరని వచ్చు సందేశములకును ఇదే కొలత.

4. కన్నీటి త్రోవ

2023 మార్చి 3న ‘బలగం’ అను చిత్రము విడుదలాయెను. దర్శకుడు వేణు ఎల్దండి. ఒక ముసలివాడు మరణించును. అతని అల్లునికిని కుమారులకును ఏండ్లనాడు భోజనమువద్ద నల్లిబొక్కనుగూర్చి వచ్చిన తగవు ఇంకను తీరలేదు. వారు కలిసికొనువరకు కాకి పిండము ముట్టదు. ఆ ఆచారము మనది కాదు. ఆ తగవు మాత్రము మనదే. తెలంగాణలో పలు ఊళ్లవారు చావడియొద్ద తెర కట్టి దీనిని కలిసి చూచిరి. చూచిన పిమ్మట విడిపోయిన అన్నదమ్ములు మరల మాటలాడుకొనిరని పత్రికలలో వార్తలు వచ్చెను.

ఆ చిత్రము చివర పాడి అందరిని ఏడ్పించినవారు మన వరంగల్లు జిల్లా దుగ్గొండికి చెందిన కొమురమ్మ, మొగిలయ్య దంపతులు, బుడగజంగాల కళాకారులు. మొగిలయ్య 2024 డిసెంబరులో మరణించెను. ఇట్టివారు మన వాకిటికి వచ్చి పాడినప్పుడు చేటెడు బియ్యము పోసి పంపివేసితిమి. తెరమీద పాడినప్పుడు కంట తడిపెట్టితిమి. తెర చూపినగాని మన యింటి ముంగిటివాని విలువ మనకు తెలియకపోవుటయు ఆలోచింపదగిన సంగతియే.

అయితే ఏడ్చిన వారందరు కలిసికొనలేదు. అనేకులు కన్నులు తుడుచుకొని, గట్టు తగవును అట్లే ఉంచుకొని పండుకొనిరి. దావీదు కోపమువలెనే మన కన్నీరును తెరమీదివానికొరకే ఆగిపోవచ్చును. బలిపీఠమునొద్ద అర్పణము విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమన్న ప్రభువు, కన్నీటిని గాక నడకను అడుగుచున్నాడు.

మనము చేయవలసినది

తెర ఎంత బలమైన కథ చెప్పినను, ఇది నీ సంగతియే అని నీ పేరు పెట్టి పిలువదు. ఆ పని ప్రక్కన కూర్చున్న మనుష్యుడే చేయవలెను. కావున టెలివిజనును పగులగొట్టనక్కరలేదు. ఫోనును బావిలో వేయనక్కరలేదు. ఒంటరిగా మ్రింగుట మానుదము. రాత్రి భోజనమైన పిమ్మట పది నిమిషములు ఫోనులన్నియు గూటిలో పెట్టి, ఆ దినము చూచినదానిలో ఒక్కదానిని గూర్చి ఇంటివారందరు మాటలాడవలెను. పిల్లలను ముందు మాటలాడనియ్యుడి, గద్దించుటకు తొందరపడకుడి. చదువు రాని అవ్వను కూడ అడుగుడి. ఆమె చేట మనకంటె మంచిది.

కుటుంబములలోను, యౌవనస్థుల కూటములలోను అడుగవలసిన ప్రశ్నలు:

1. ఈ కథ నన్ను ఎవరిని చూచి నవ్వుమన్నది? వారు నా యెదుట కూర్చుండినయెడల నేను నవ్వుదునా?

2. ఏది లేకపోయిన నేను తక్కువవాడనని ఇది చెప్పెను? అట్లు చెప్పినందువలన ఎవరికి లాభము?

3. ఎవరిని చూచి భయపడుమన్నది? ఆ సంగతిని కన్నులార చూచినవారెవరు?

4. ఈ కథలో నేను ఎవడను? రేపు ఉదయము నేను ఎవరి యింటికి నడచి పోవలెను?