సిగ్నల్ కనిపిస్తోంది కదా అని...

మెట్టుగూడ,
సికింద్రాబాద్.

అమ్మలూ,

లాలాగూడ రైల్వే ఆసుపత్రిలో, రైలు నడిపేవాళ్ళకు పెట్టే ఏ-1 మెడికల్ పాసయ్యావని మీ నాన్న ఫోన్ చేశాడు. మన ఇంట్లో ఇంజనెక్కబోతున్న మొదటి ఆడపిల్లవి నువ్వే, చాలా సంతోషంగా ఉంది. దానికి అద్దాల్లేకుండా రెండు కళ్ళకీ 6/6 ఉండాలి, లేసిక్ చేయించుకున్నవాళ్ళు పనికిరారు, రంగు చుక్కల్లో దాగిన అంకెలు చదవాలి. ఇంత పట్టుదల ఊరికే రాలేదు. 1875లో స్వీడన్‌లో లాగర్‌లుండా దగ్గర రెండు రైళ్ళు ఢీకొన్నాయి. సిబ్బందికి రంగులు తెలియకపోవడమే కారణమై ఉంటుందని హోల్మ్‌గ్రెన్ అనే శాస్త్రవేత్త అనుమానించి, రంగురంగుల ఊలు పోగులతో పరీక్ష పెట్టాడు. రైల్వేల్లో రంగుల పరీక్ష పాతుకుపోయింది అక్కడి నుంచే.

ఇక పీఎంఈ, అంటే ఉద్యోగంలో చేరాక గడువు ప్రకారం జరిగే వైద్య పరీక్ష సంగతి. నా సర్వీసులో 45 ఏళ్ళు వచ్చేదాకా 4 ఏళ్ళకోసారి, తర్వాత 2 ఏళ్ళకోసారి, 55 దాటాక ఏటా పిలిచేవారు. బండి మీద పనిచేసే రన్నింగ్ స్టాఫ్‌కి ఆ పిలుపంటే గుబులు. ఆ పనికి పనికిరావని డీకేటగరైజ్ చేస్తే బండి పోతుంది, బండి నడిపినందుకు వచ్చే మైలేజీ భత్యం పోతుంది. అందుకని చూపు మసకను దాచే ప్రయత్నం చేసేవాళ్ళూ ఉంటారు. నువ్వు ఎన్నడూ దాచకు. నీ వెనక బోగీల్లో వందల మంది నిన్ను నమ్మి నిద్రపోతుంటారు. ఒకవేళ అద్దాలు వస్తే, డ్యూటీలో రెండో జత కూడా పెట్టెలో ఉండాలన్నది రూలు. దాన్ని తప్పకు.

అయితే ఈ ఉత్తరం అసలు రాసింది వేరే మాట కోసం. రిటైరైన మర్నాటి నుంచి మమ్మల్ని ఎవరూ పిలవరు. కంటికి జబ్బులు వచ్చే వయసు సరిగ్గా అప్పుడే. బండెక్కని వాళ్ళను, అంటే మీ అమ్మలాంటి వాళ్ళను, ఎప్పుడూ ఎవరూ పిలవలేదు. ‘కనిపిస్తోంది కదా’ అని ఊరుకుంటారు. ఆ ఊరుకోవడమే నాకు భయం.

మీ నానమ్మకు నీటికాసులు, అంటే గ్లాకోమా. నాకూ వచ్చింది, రోజూ రాత్రి చుక్కలు వేసుకుంటున్నాను. సాధారణంగా కనిపించే ఓపెన్ యాంగిల్ రకంలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కంటి నరం మెల్లగా దెబ్బతిని చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది. నడిమి చూపు చివరిదాకా నిలబడుతుంది కాబట్టి చార్టు మీద ఆఖరి వరుస కూడా చదివేస్తాం. ఒక కంటి లోటును ఇంకో కన్ను పూరిస్తుంది, మనకు తెలియనివ్వదు. 1990ల్లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు హైదరాబాద్ జనంలో సర్వే చేస్తే, ఓపెన్ యాంగిల్ గ్లాకోమా ఉన్నట్టు తేలినవాళ్ళలో పదింట తొమ్మిది మందికి పైగా అంతకుముందు ఆ సంగతే తెలియదు. పోయిన చూపును మందు తిరిగి తేలేదు, మిగిలినదాన్ని కాపాడుతుంది. అందుకే చార్టు చదివి తృప్తిపడకూడదు. కంటి ఒత్తిడి కొలవాలి, నరం చూడాలి, అనుమానముంటే ఫీల్డ్ టెస్ట్ చేయాలి. ఎదురుగా చూపు నిలిపి, వెలుగు చుక్క మెరిసినప్పుడల్లా బటన్ నొక్కే పరీక్ష అది. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఉంటే మనకూ వచ్చే అవకాశం ఎక్కువ. అంటే మీ నాన్న వెంటనే చూపించుకోవాలి. రేపు నువ్వు కూడా.

మీ అమ్మది ఇంకో రకం. 2023లో ప్రభుత్వ కంటి వెలుగు శిబిరంలో చత్వారానికి అద్దాలు తెచ్చుకుంది. ఇప్పుడేమో అవి లేకుండానే పేపరు చదువుతున్నానని మురిసిపోతోంది. పెద్ద వయసులో దగ్గరి చూపు అలా ‘తిరిగి వస్తే’ సంతోషించకూడదమ్మా. శుక్లం ముదురుతూ కంటి పవర్‌ను మార్చినా అలాగే అవుతుంది, షుగర్ బాగా పెరిగినా కావచ్చు. ఆమెకు షుగర్ ఉంది కదా, రెటీనా మీది సన్నని రక్తనాళాలు చూపు తగ్గకముందే దెబ్బతినవచ్చు. ఆ దశలో కనిపెడితే లేజర్‌తోనో ఇంజెక్షన్లతోనో చాలావరకు ఆపగలరు. ఏడాదికోసారి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించి రెటీనా చూపించడం ఆమెకు తప్పనిసరి.

కళ్ళు ఎర్రబడితే మీ నాన్న మందుల షాపులో చుక్కలు అడిగి కొంటాడు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంటి ఒత్తిడి పెరగవచ్చు. మన ఇంట్లో ఆ అలవాటు అసలే పనికిరాదు. బీడీ, సిగరెట్ శుక్లాలను తొందరపెడతాయి. ఎండలో మంచి చలవద్దాలు పెట్టుకోమను. హఠాత్తుగా కంట్లో మెరుపులు, నల్ల చుక్కల వాన, తెర దిగినట్టు నీడ కనిపిస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

నీకు రెస్టు దొరికిన రోజున అమ్మానాన్నలిద్దరినీ తీసుకెళ్ళు. మారేడ్‌పల్లిలో పుష్పగిరి కంటి ఆసుపత్రి ఉంది, లేదంటే మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. పరీక్షకు చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, వెలుతురు పడదు. మీ నాన్నను బండి నడపనీయకు, ఆటోలో రండి. పాత అద్దాలు, షుగర్ రిపోర్టులు వెంట ఉంచుకో. నానమ్మ సంగతి డాక్టరుకు ముందే చెప్పు, అడిగేదాకా ఆగకు. రిపోర్టులు వచ్చాక ఫోన్ చెయ్యి.

నీ
పెదనాన్న